ఎంతకి తెచ్చావ్ అని అడగకముందు

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తప్పుంటే సరిచేయండి.

మీది పలమనేరు పక్కన పల్లె. ఆరేళ్ల కిందట మీ ఆయనకి యాక్సిడెంట్ అయింది. కాలు దక్కించుకోడానికి ఇల్లమ్మారు, పాడి ఆవుల్ని అమ్మారు, చాలక వడ్డీకి తెచ్చారు. ఇప్పుడు ఆయన నడుస్తున్నారు. అప్పులు తీరాయి. అబ్బాయికి తిరుపతిలో ఉద్యోగం వచ్చింది. "అంతా సర్దుకుంది, కానీ ఏదీ రుచించడం లేదు. ఉన్నదానికి సంతోషపడు, దేవుడికి దండం పెట్టుకో అని ఎవరైనా అంటే ఒళ్లు మండుతోంది. నేను కృతజ్ఞత లేనిదాన్నా?" అని అడిగారు. చివర్లో, ఏదో చిన్న సంగతిలాగా, ఇంకోటి రాశారు. ఉగాదికి అబ్బాయి మూర మల్లెలు తెస్తే, చేతికి తీసుకోకముందే "ఎంతకి తెచ్చావ్?" అన్నారనీ, వాడి మొహం చిన్నబోయిందనీ.

మీ ప్రశ్నకి జవాబు ఆ మూర మల్లెల దగ్గరే ఉందని నాకనిపిస్తోంది.

నేను డాక్టర్ని కాను, స్వామీజీని అసలే కాను. ఆర్టీసీలో ముప్పై మూడేళ్లు కండక్టర్‌గా చేసి 2019లో రిటైరయ్యాను. సగం సర్వీసు తిరుపతి-మదనపల్లె రూటులోనే గడిచింది. కష్టం విషయంలో మాత్రం కాస్త సీనియర్నే. 2006లో తమ్ముడి వరసయ్యే ఒకడికి చీటీలో జామీను సంతకం పెట్టాను. వాడు చీటీ ఎత్తుకొని ఊరొదిలి పోయాడు. ఆరు లక్షల పైచిలుకు నా నెత్తిన పడింది. బంగారుపాళెం దగ్గర మా నాయన పెంచిన రెండెకరాల మామిడి తోట 2008లో అమ్మేశాను. అప్పటికీ తీరలేదు. మిగతాది తీర్చేసరికి 2015 వచ్చింది. అమ్మయ్య అనుకొనేలోపు మా ఇంటావిడకి రొమ్ము క్యాన్సర్. 2018 మార్చిలో పోయింది. ఎవరి కష్టం పెద్దదని పోటీ పెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఎవడో ఏసీ గదిలో కూర్చొని నీతులు చెప్తున్నాడని మీరనుకోకూడదు, అంతే.

డబ్బు ఇబ్బంది ఏళ్ల తరబడి ఉంటే మనిషికి ఒక చూపు అలవాటైపోతుంది. ఏది కనిపించినా రూపాయల్లోకి మార్చి చూస్తాడు. నేను హోటల్లో మెనూ బోర్డు కుడివైపు నుంచి చదివేవాణ్ణి. ముందు ధర, తర్వాత పేరు. పిల్ల కొత్త గౌను వేసుకొని వచ్చి నిలబడితే నాకు గౌను కనపడేది కాదు, నెల కంతులో ఎంత తగ్గిందో కనపడేది. మీరూ ఆరేళ్లు అట్లాగే చూసుంటారు. అట్లా చూడబట్టే మీ ఇల్లు నిలబడింది కూడా. కాబట్టి ఆ "ఎంతకి తెచ్చావ్" అన్న మాటకి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అది మిమ్మల్ని ఒడ్డున పడేసిన మాట. కాకపోతే ఒడ్డుకొచ్చిన సంగతి దానికింకా తెలియదు. ఘాట్ దిగే బస్సు బ్రేకు తొక్కగానే ఆగదు కదా.

ఇంకో సంగతి ఉంది. కష్టంలో ఉన్నన్నాళ్లూ ఒక రోజు కోసం ఎదురుచూస్తాం. అప్పు తీరిన రోజు పండగ చేసుకుంటామనుకుంటాం. నేను చివరి కంతు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకొని బయటికొచ్చాను. ఎండగా ఉంది. టీ తాగాను. డ్యూటీకి టైమైందని పోయాను. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన రోజు అదీ! ఇంతేనా అనిపించింది. ఎక్కడో ఏదో తప్పు జరిగిందేమో అని కూడా అనిపించింది. మా పెద్దపాప సైకాలజీ చదివింది. ఆమె చెప్పింది, 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్ అనే ఆయన, ఇంకొందరు కలిసి లాటరీ తగిలినవాళ్లని అడిగి చూశారట. స్నేహితుడితో మాట్లాడటం, పొద్దున టిఫిన్ తినడం, జోకు వినడం లాంటి మామూలు సంగతుల్లో వాళ్లకి మిగతావాళ్లకన్నా తక్కువ సంతోషం దొరుకుతోందని తేలిందట. మనకేమీ లాటరీ తగల్లేదనుకోండి. కానీ "ఆ పెద్ద రోజు" గురించి ఏళ్లపాటు కలలు కని కని, దాని పక్కన ఒక కప్పు కాఫీ ఏపాటిది అనే స్థితికి మనమూ వస్తాం. నా విషయంలో అదే జరిగింది.

నాకు రుచి ఎట్లా తిరిగొచ్చిందో చెప్తాను. అది అప్పు తీరకముందే మొదలైంది, అదే విచిత్రం.

తోట అమ్మాక నేను మామిడిపండు ముట్టలేదు. కావాలని ఒట్టు పెట్టుకున్నదేమీ లేదు. చేతికి తీసుకుంటే మా నాయన చెట్ల మధ్య తువ్వాలు పరుచుకొని పడుకోవడం గుర్తొచ్చేది, కింద పెట్టేసేవాణ్ణి. సీజన్లో బంగారుపాళెం మార్కెట్ పక్క నుంచి బస్సు పోతుంటే ఆ వాసనకి మొహం తిప్పుకొనేవాణ్ణి. 2011 జూన్‌లో ఒక సాయంత్రం, మదనపల్లె నుంచి లాస్ట్ ట్రిప్పు. వాయల్పాడులో ఒక ముసలావిడ గంపతో ఎక్కింది. పీలేరుకి టికెట్. ఇరవై నోటిచ్చింది. మూడు రూపాయలు నేనే ఇవ్వాలి, సంచీలో చిల్లర లేదు. టికెట్ వెనక 3 అని రాసిచ్చాను. మేమంతా చేసే పనే అది. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. అడగనివాళ్ల చిల్లర ఎటు పోతుందో మీరడగొద్దు, నేను చెప్పను.

పీలేరులో ఆమె గంప నేనే కిందికి దించాను. చిల్లర అడుగుతుందని సంచీలో చెయ్యి పెట్టాను. ఆమె గంపలోంచి ఒక పండు తీసి నా చేతిలో పెట్టింది. "ఇంటి చెట్టుది నాయినా, తిను. ఎక్కినప్పట్నుంచి చూస్తాండా, నిలబడే ఉండావు" అని గంప నెత్తిన పెట్టుకొని జనంలో కలిసిపోయింది.

అక్కడ పది నిమిషాలు హాల్టు. డ్రైవర్ టీకి పోయాడు. నేను బస్టాండు కుళాయి దగ్గర నిలబడ్డాను. పండు పారేయడానికి చెయ్యి రాలేదు. ముసలావిడ ఇచ్చిందాయె. నాటు కాయ, అరచేతిలో పట్టేంత, తొక్క మీద నల్ల మచ్చలు. కడిగి, రెండు చేతుల మధ్య మెత్తగా పిసికి, కొన దగ్గర కొరికి జుర్రాను. ముందు పులుపు తగిలింది, వెనకనే తీపి, టెంక దగ్గరికొచ్చేసరికి మళ్లీ పులుపు. రసం మణికట్టు దాటి మోచేతి దాకా కారింది. ఖాకీ చొక్కా మీద పడింది. పీచు పళ్లలో ఇరుక్కుంది. టెంక తెల్లబడే దాకా చీకాను, నా వయసు చూసుకోకుండా. హారన్ కొడితే ఉలిక్కిపడి పరుగెత్తాను.

భాకరాపేట దాటి ఘాట్ దిగుతుంటే అప్పుడు వెలిగింది. ఆ పది నిమిషాలూ నాకు అప్పు గుర్తు రాలేదు. తోట గుర్తు రాలేదు. ఆ పండు మార్కెట్లో కిలో ఎంతని కూడా అనుకోలేదు. పెద్ద జ్ఞానోదయమేమీ కాలేదు. మర్నాడు మళ్లీ అదే టెన్షన్, వడ్డీవాడి ఫోన్లు. కానీ నోరు చచ్చిపోలేదని తెలిసింది. అప్పటిదాకా చచ్చిపోయిందనే అనుకున్నాను.

అందుకే ఎవరైనా నన్నడిగితే కృతజ్ఞతతో మొదలుపెట్టొద్దంటాను. దాన్ని పిలిస్తే రాదు. ముందు నాలుక, ముక్కు, చేతివేళ్లు మేలుకోవాలి. చేతితో చేసే, నోటితో తినే, ఒంటికి తగిలే సంగతి ఏదో ఒకటి పట్టుకోండి. ఖరీదు అడగడానికి వీల్లేనిదైతే మరీ మంచిది. వాన పడ్డ మర్నాడు నేను కపిలతీర్థం పోతాను. కొండ మీంచి నీళ్లు పడుతుంటే ఆ తుంపర మొహాన కొట్టించుకోడానికి పైసా ఖర్చు లేదు. 2021 నవంబరు వరదల్లో ఆ కొండ నీళ్లే ఊరి మీద పడి తిరుపతి వీధుల్ని ముంచాయి. అదీ చూశాను. అయినా వానాకాలం వస్తే పోతూనే ఉన్నాను. మీ పలమనేరులో అయితే చలికాలం పొద్దున పొయ్యి దగ్గర కూర్చోవడం ఒక్కటి చాలు, తిరుపతి ఎండల్లో ఉండే మాకు అసూయ పుడుతుంది.

కాలాన్ని బట్టి దొరికేవాటిని నేను ఎక్కువ నమ్ముతాను. ఎండాకాలం మామిడి, వానలు తగ్గేవేళకి సీతాఫలాలు, పచ్చి చెనిక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టుకోవడం, చలికి అనపకాయలు (చిక్కుడు లాంటివి, సొరకాయ కాదు). రోజూ దొరికేది రెండు వారాల్లో పాతబడుతుంది. పదకొండు నెలలు కనబడకుండా పోయి వచ్చేదాని మీద మనసు దానంతటదే పోతుంది.

మీకు కోపం తెప్పిస్తున్న ఆ మాటల గురించి. మీ కోపం న్యాయమే. "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లని చూసి సంతోషపడు" అంటారు చూడండి, అది నాకెప్పుడూ మింగుడు పడలేదు. బస్సులో సీటు దొరికినవాడు నిలబడ్డవాణ్ణి చూసి సంబరపడితే దాన్ని కృతజ్ఞత అంటామా? ఇంకొందరు, కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయి, వాటికీ దండం పెట్టుకోవాలి అంటారు. నేను పెట్టను. ఆ చీటీ వల్ల నాకు ఏ మేలూ జరగలేదు. మా ఆవిడ జబ్బు నాకేదో నేర్పడానికి రాలేదు. ఆ తొమ్మిదేళ్లూ పోయినట్టే లెక్క. ఇట్లా ఒప్పుకున్నాకే నాకు కాస్త తేలిగ్గా ఉంది.

మరి కృతజ్ఞత అంటే ఏంటంటే, నాకు తెలిసినంతలో అది మనుషుల పేర్లు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు. "అన్నింటికీ ధన్యవాదాలు" అనుకుంటే నాకు ఏమీ అనిపించదు. మా ఆవిడకి కీమో జరిగినన్నాళ్లూ నా నైట్‌హాల్ట్ డ్యూటీలు తను మార్చుకున్న ఒక సహోద్యోగి ఉన్నాడు. ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. అతని పేరు తలుచుకుంటే గొంతు దగ్గర ఏదో అవుతుంది. అది నిజమైనది, దానికి బలవంతం అక్కర్లేదు. మీ ఆరేళ్లలోనూ అట్లాంటివాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆస్పత్రిలో మీకు తెలియకుండా మీ ఆయన పక్కన రాత్రి కూర్చున్నవాళ్లు, ఆవుని కొంటూ ధరలో గీచి గీచి బేరమాడనివాళ్లు. రాసుకోండి.

రాసుకోవడం గురించి పాప చెప్పిన సంగతులు రెండున్నాయి. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెక్‌కల్లో అనే ఇద్దరు 2003లో అచ్చేసిన పరిశోధనలో, కొంతమంది చేత పది వారాలు, వారానికోసారి, తాము కృతజ్ఞతగా ఉన్న సంగతులు ఐదింటి దాకా రాయించారట. చికాకులు రాసుకున్నవాళ్లకన్నా వీళ్లకి బతుకు మీద మంచి అభిప్రాయం కలిగిందట. తర్వాత సోనియా ల్యుబోమిర్స్కీ అనే ఆవిడ బృందం వారానికోసారి రాసేవాళ్లనీ మూడుసార్లు రాసేవాళ్లనీ పోల్చి చూస్తే, వారానికోసారి రాసినవాళ్లకే మేలు కనబడిందట. రోజూ డైరీ నింపితే మా డిపోలో ఎస్సార్ షీటు, అంటే రోజు లెక్కల కాగితం, నింపినట్టే ఉంటుందని నేను ముందే అన్నాను, పాప నవ్వింది. కాబట్టి ఆదివారం ఒక్కరోజు చాలు. ఏమీ తోచకపోతే ఖాళీగా వదిలేయండి.

ఎస్సార్ అంటే గుర్తొచ్చింది. మీ లెక్కల చూపుకి ఒక మందుంది, నాకు పనిచేసింది. కండక్టర్ డ్యూటీ దిగాక డిపోలో డబ్బు కడతాడు, మిషన్ అప్పజెప్తాడు, షీటు మీద సంతకం పెడతాడు. ఇక ఆ రోజు లెక్కతో అతనికి పని లేదు. అప్పుల రోజుల్లో నేను డిపో లెక్క డిపోలో వదిలేసి, ఇంటి లెక్క మాత్రం నిద్రలోనూ మోసేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడే విసిగిపోయి, "దానికీ ఒక డిపో పెట్టు" అంది. నెలకోసారి, జీతం పడ్డ మర్నాటి సాయంత్రం, ఇద్దరం పుస్తకం తీసి కూర్చొనేవాళ్లం. ఎంత కట్టాం, ఎంతుంది, ఈ నెల దేనికి ఎంత. చేతి ఖర్చుకని ఇద్దరికీ చెరో రెండొందలు పక్కన పెట్టేది. ఆ రెండొందలు ఎట్లా ఖర్చయ్యాయో అడగకూడదు, చెప్పకూడదు. పుస్తకం మూశాక వచ్చే నెల దాకా ఆ మాట లేదు. మొదట్లో నాకు చేతకాలేదు. నెల మధ్యలోనే లేచి పుస్తకం తీసేవాణ్ణి, ఆమె దాచేసేది. నాలుగైదు నెలలకి అలవాటైంది. ఇప్పుడు మీకు అప్పు లేకపోయినా ఇది చేయండి. లెక్కకి ఒక రోజిస్తే మిగతా రోజుల్లో అది అంతగా గొడవ చేయదు.

ఆమె మాట వచ్చింది కాబట్టి దాచుకోకుండా ఇదీ చెప్పేస్తాను. మన చిత్తూరు వైపు పుట్టినవాళ్లకి పితికిపప్పు గురించి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో సంక్రాంతి ముందు అది పెద్ద కార్యక్రమం. అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రి నీళ్లలో వేస్తే తెల్లారేసరికి ఉబ్బి తొక్క వదులవుతుంది. అందరం గిన్నె చుట్టూ కూర్చొని, ఒక్కో గింజనీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కాలి. పప్పు చటుక్కున జారి గిన్నెలో పడాలి. గురి తప్పితే ఎదుటివాళ్ల మొహానికి తగులుతుంది. సగం గురి తప్పించేవాళ్లు కావాలనే తప్పిస్తారు. గంటసేపు పితికితే నలుగురికి ఒక పూట కూర. వేళ్ల చివర్లు ముడతలు పడతాయి, పచ్చి వాసన సాయంత్రం దాకా పోదు. వేడి సంగటిలో ఆ పులుసు పోసుకుంటే ఇంకేం కావాలి.

ఆమె పోయిన సంవత్సరం మా ఇంట్లోకి అనపకాయలు రాలేదు. మరుసటేడు పిల్లలే తెచ్చి నానబెట్టారు. పొద్దున నన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టారు. మనవడు నొక్కిన గింజ వచ్చి నా కళ్లద్దానికి ఠక్కున తగిలింది. పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఆగగానే సిగ్గేసింది. ఆమె లేని ఇంట్లో ఇంత నవ్వా అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దీనికి నా దగ్గర మందేమీ లేదు. ఇప్పటికీ కాయలు కొనేటప్పుడు ఆమెలాగే ఒకటి ఒలిచి, గింజ కొరికి చూసి, ముదిరిందని పెదవి విరిచి బేరమాడతాను. పులుసులో ఉప్పు సరిపోయిందని తెలుస్తుంది, ఆమె లేదని తెలుస్తుంది. రెండూ ఒకేసారి. మీకూ ఇట్లాంటిదేదో ఉంటుందని నా అనుమానం. ఆయన కుంటుతూ నడుస్తుంటే నేను పూలు పెట్టుకోవడమేంటి అని. మీరు రాయలేదు, నేనే ఊహిస్తున్నాను. అవునైతే ఆయన్నే అడగండి, మీరు పూలు పెట్టుకుంటే ఆయనకేమైనా కష్టంగా ఉంటుందేమో.

ఇక దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నేను చెప్పినవన్నీ లెక్కల అలవాటుతో మొద్దుబారిన మనసుకి పనికొస్తాయి. జబ్బయితే పనికిరావు. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దేని మీదా ఆసక్తి లేకపోవడం, దానికి తోడు నిద్ర, ఆకలి తారుమారవడం, ఊరికే అలసిపోవడం, నేనెందుకూ పనికిరాననిపించడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మందులున్నాయి, నయమవుతుంది. థైరాయిడ్ తగ్గినా, ఒంట్లో రక్తం తగ్గినా ఆడవాళ్లకి ఇట్లాగే నీరసంగా, విసుగ్గా ఉంటుంది. ఆ రెండు పరీక్షలూ ఈ వారంలో చేయించుకోండి. కష్టమంతా అయిపోయాక ఇప్పుడు డాక్టరెందుకు అనుకోవద్దు, పరుగు ఆగాకే కాళ్లనొప్పి తెలిసేది. 14416 అని, మనసు బాగోలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ నంబరొకటి 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతే బాగుండనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఎవరి సలహా కోసమూ ఆగకుండా ఆ నంబరుకి చేయండి.

కృతజ్ఞత లేనిదాన్నా అన్నారు. కొడుకు మొహం చిన్నబోవడం చూసి, వారాల తర్వాత కూడా దాన్ని మోస్తూ, ముక్కూ మొహం తెలియని మాకు రాశారు. లేనిదాని లక్షణం కాదిది. వాడికి ఫోన్ చేసి చెప్పేయండి, పెద్ద క్షమాపణలు అక్కర్లేదు. "ఆ రోజు పూలు బాగున్నాయిరా, ఈసారొచ్చేటప్పుడు మళ్లీ తే" అంటే చాలు. తెచ్చాక మీ నోట్లోంచి మళ్లీ "ఎంత" అని వచ్చేయొచ్చు. నాకిప్పటికీ వస్తుంది. అప్పుడు నవ్వేసి తలలో పెట్టుకోండి.

ఆ వాయల్పాడు ముసలావిడ సంగతి చెప్పడం మరిచాను. ఆమెకివ్వాల్సిన మూడు రూపాయలు ఇవ్వనే లేదు. ఆ సీజనంతా మూడు నాణేలు చొక్కా పైజేబులో వేరుగా పెట్టుకొని ఆ స్టాపులో చూశాను. మళ్లీ ఎక్కలేదు. రిటైరయ్యే రోజు డిపోలో అన్ని లెక్కలూ అప్పజెప్పి సంతకాలు పెట్టాను కానీ, ఆ బాకీ ఎక్కడ రాయాలో ఆ కాగితాల్లో గడి లేదు.

రిపోర్టులు వచ్చాక రాయండి.